ల్యాబ్ పిండం, ఆవు పిండం: నాలుగు ఒంగోలు ఆవులతో తొమ్మిది నెలల ప్రాజెక్టు డైరీ

ఇదే పని మొదలుపెట్టబోయేవాళ్ల కోసం రాస్తున్నాను. మా కొలతలు పనికొస్తే తీసుకోండి, మేం పడిన గుంటల్లో మాత్రం పడకండి. ప్రశ్న చిన్నదే: ల్యాబ్‌లో పెరిగిన పిండం, ఆవు కడుపులో పెరిగిన పిండం పక్కపక్కన పెడితే తేడా ఎంత? ఆ తేడా ఎక్కడ పుడుతోంది?

ఏర్పాటు

దాతలు నాలుగు ఒంగోలు ఆవులు: గౌరి, ముత్యం, బంగారి, సీత. షెడ్ మొయినాబాద్ వైపు, ల్యాబ్ అత్తాపూర్‌లో. రెండు పద్ధతులూ అవే ఆవుల మీద చేశాం. ఒక గుంపు నుంచి ల్యాబ్ పిండాలు, ఇంకో గుంపు నుంచి కడుపు పిండాలు తీసుకుంటే చివరికి తేలేది ఆవుల మధ్య తేడానే. సీమన్ కూడా ఒకే ఎద్దుది, ఒకే బ్యాచ్ స్ట్రాలు (సీమన్ నింపి గడ్డకట్టించిన సన్న గొట్టాలు).

తెలంగాణలో గోవధ నిషేధం కాబట్టి కబేళా నుంచి ఆవు అండాశయాలు దొరకవు. చేతికి అలవాటు కావడానికి గేదె అండాశయాల మీద సాధన చేశాం. కానీ గేదె పిండం ఆవు పిండం కంటే దాదాపు ఒక రోజు ముందు నడుస్తుంది, ఆ లెక్కలు ఇక్కడ కలపలేదు. ఆవు అండాలన్నీ బతికున్న ఆవుల నుంచే, అల్ట్రాసౌండ్ చూస్తూ సూదితో తీసినవి. మా వాళ్లు దీన్ని ఓపీయూ అంటారు. ఒంగోలు లాంటి మూపురం జాతుల్లో ఒక్కో అండాశయంలో చిన్న ఫాలికిల్స్ (అండం పెరిగే ద్రవపు సంచులు) ఎక్కువగా ఉంటాయి, ఈ పనికి అది కలిసొస్తుంది. మన ఒంగోలు ఆవే బ్రెజిల్ వెళ్లి, నెల్లూరు పేరు మీద నెలోర్ అయింది. ల్యాబ్ పిండాల పనిలో ప్రపంచంలో ముందున్న దేశాల్లో బ్రెజిల్ ఒకటి. ఆ జాతి పుట్టిన నేల మీద ఈ పని నేర్చుకోవాలన్నది నాకు మొదటి నుంచీ ఉన్న కోరిక.

ఒక మాట ముందే చెప్పాలి. "సహజం" అని రాసిన చోటల్లా అది పూర్తి సహజం కాదు. హార్మోన్లు ఇచ్చి ఒకేసారి ఎక్కువ అండాలు విడుదలయ్యేలా చేసి, సీమన్ వేసి, కడుపులో పెరగనిచ్చి, కడిగి తీసినవి. అచ్చంగా సహజం కావాలంటే ఎదకు ఒక్క పిండమే వస్తుంది. అలా అయితే ఏళ్లు పడుతుంది.

దశ 1: సూది, వాక్యూమ్ (జనవరి)

మొదటి మూడు ఓపీయూల్లో అండాలు బాగానే వచ్చాయి. కానీ సగానికి పైగా ఒట్టి అండాలే, చుట్టూ ఉండాల్సిన కణాల పొర ఊడిపోయి ఉంది. ఆ పొర లేని అండం ల్యాబ్‌లో సరిగా పక్వం కాదు.

కారణం వాక్యూమ్. పంపు మీద 110 మి.మీ. (పాదరసం లెక్కలో) పెట్టాం. సూది మొనలో లాగుడు బలంగా ఉండి పొరను చీరేస్తోంది. పంపు మీద ముల్లు కూడా నమ్మదగ్గది కాదు. రాణీగంజ్‌లో విడిగా ఒక గేజ్ కొనుక్కొచ్చి గొట్టం చివర బిగిస్తే అసలు లాగుడు 124 అని తేలింది.

మార్చినవి:

1. వాక్యూమ్ 80కి తగ్గించాం. కొలిచేది పంపు దగ్గర కాదు, సూది వైపు చివర.
2. సూది 18 గేజ్‌దే ఉంచాం. కానీ ప్రతి ఆవుకూ కొత్తది. మొద్దుబారిన సూది రక్తం తెస్తుంది.
3. గొట్టంలోని ద్రవంలో హెపారిన్ కలిపాం. రక్తం గడ్డకడితే అండాలు ఆ గడ్డలో చిక్కుకుపోతాయి, ఎంత వెతికినా దొరకవు.

ఓపీయూ 1–3: అండాలు 47, వాడదగ్గవి 22, బ్లాస్టోసిస్ట్‌లు (లోపల ద్రవం నిండి బంతిలా తయారైన పిండాలు) 3.
ఓపీయూ 4–6 (వాక్యూమ్ మార్చాక): అండాలు 52, వాడదగ్గవి 41, చీలినవి (ఫలదీకరణ అయి కణాలుగా విడిపోవడం మొదలైనవి) 24, బ్లాస్టోసిస్ట్‌లు 6.

ఇప్పటిదాకా: అండాలు 99, వాడదగ్గవి 63, బ్లాస్టోసిస్ట్‌లు 9.

వాడదగ్గ అండాలు దాదాపు రెట్టింపయ్యాయి. పిండాల వాటా మాత్రం కదల్లేదు. అంటే రోగం ఒక్క సూదిలోనే లేదు. ఈ 9 పిండాలను పోలికలో వాడలేదు, స్టెయినింగ్ (కణాలు లెక్కపెట్టడానికి రంగు వేయడం), ఫ్రీజింగ్ సాధనకు పోయాయి.

దశ 2: డిస్‌ప్లేలో 5.0, లోపల 4.2 (ఫిబ్రవరి–మార్చి)

ఇంక్యుబేటర్ డిస్‌ప్లేలో కార్బన్ డయాక్సైడ్ 5.0 అనే ఉంది. మూడు వారాలు ఆ అంకెను నమ్మాం. మీడియా (పిండాలు పెరిగే ద్రవం) మార్చాం, దాని చుక్కల మీద కప్పే నూనె మార్చాం, స్ట్రా మార్చాం. చివరికి తెలిసిన ల్యాబ్ నుంచి గ్యాస్ అనలైజర్ అరువు తెచ్చి పెడితే లోపల 4.2 ఉంది. మీడియా డ్రాప్‌లో పీహెచ్ 7.46. పిండానికి అది ఎక్కువ.

దీనికి తోడు హైదరాబాద్ లెక్క ఒకటుంది. మనం సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉన్నాం. ఇక్కడ గాలి పీడనం 712 మి.మీ. దగ్గర ఉంటుంది, 760 కాదు. మీడియాలో కరిగేది గ్యాస్ శాతాన్ని బట్టి కాదు, పీడనాన్ని బట్టి. నీటి ఆవిరి వాటా 47 తీసేస్తే:

- సముద్రమట్టం దగ్గర: 713లో 5 శాతం = 35.7 మి.మీ.
- హైదరాబాద్‌లో: 665లో 5 శాతం = 33.3 మి.మీ.
- 35.7 రావాలంటే ఇక్కడ పెట్టాల్సింది 5.4 శాతం.

ఎత్తు ఒక్కటే అయితే పీహెచ్ తేడా 0.03. దానివల్ల పని చెడిపోదు. చెడగొట్టింది సెన్సర్. అయినా ఎలాగూ సరిచేస్తున్నాం కాబట్టి రెండూ కలిపి సరిచేశాం. అనలైజర్‌లో 5.4 వచ్చేదాకా సెట్టింగ్ మార్చాం. మర్నాడు పీహెచ్ 7.35.

అదే వారం హాట్ ప్లేట్ సంగతి కూడా తేలింది. కోఠి గుజరాతీ గల్లీలో సన్న తీగ థర్మోకపుల్ కొని, నూనె కింద డ్రాప్‌లో ముంచి చూస్తే 36.1 డిగ్రీలు. ప్లేట్ డిస్‌ప్లేలో మాత్రం 38.5. పైనుంచి ఏసీ గాలి సూటిగా ప్లేట్ మీద కొడుతోంది. ప్లేట్ 40.8కి పెంచి, ఏసీ రెక్కలు అటు తిప్పితే డ్రాప్‌లో 38.3 వచ్చింది. వేసవి వస్తోందని ఏసీ పెంచుకుంటూ పోయింది మేమే.

మొయినాబాద్ నుంచి వచ్చే దారి కూడా కొలిచాం. బండిలోని బుల్లి ఇంక్యుబేటర్ 38.5 నిలబెడుతోంది. అప్పా జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో 40 నిమిషాలు ఆగిన రోజు కూడా 0.3 కంటే ఎక్కువ తగ్గలేదు. అక్కడ టెన్షన్ అక్కర్లేదని తెలిసింది.

ఓపీయూ 7–10: అండాలు 74, వాడదగ్గవి 60, చీలినవి 44, బ్లాస్టోసిస్ట్‌లు 19.

ఇప్పటిదాకా: అండాలు 173, వాడదగ్గవి 123, బ్లాస్టోసిస్ట్‌లు 28.

దశ 3: కడిగి తీయడం (ఏప్రిల్)

మేం నడిచిన వరస:

1. ఎఫ్‌ఎస్‌హెచ్ (ఫాలికిల్స్‌ను పెంచే హార్మోన్) 8 సూదులు, 12 గంటలకొకటి, నాలుగు రోజులు, డోసు తగ్గించుకుంటూ. మూపురం జాతులు దీనికి గట్టిగా స్పందిస్తాయి, అందుకే మొత్తం 200 మి.గ్రా. దాటలేదు.
2. మూడో రోజు ప్రోస్టాగ్లాండిన్ (ఎద రప్పించే మందు).
3. ఎద కనిపించాక 12 గంటలకు, 24 గంటలకు సీమన్.
4. ఏడో రోజు వెన్ను దగ్గర లిగ్నోకెయిన్ మత్తు ఇచ్చి, ఫోలీ క్యాథెటర్ అనే గొట్టంతో గర్భసంచి రెండు కొమ్ములూ విడివిడిగా కడగడం.

మొదటి ఆవు సీత. స్కాన్‌లో 9 కార్పస్ లూటియంలు (అండం విడుదలైన చోట మిగిలే గడ్డలు) కనిపించాయి. అంటే 9 అండాలు విడుదలయ్యాయి. ఫిల్టర్‌లో దొరికినవి 3. ఆ రోజు డిష్ కింద వెలుతురు పెట్టి గళ్లు గళ్లుగా నాలుగుసార్లు వెతికాను. నాలుగోసారి కూడా మూడే. ఊరికే ఉండలేక ఫిల్టర్ జల్లెడను తిరగేసి సిరంజితో ద్రవం కొట్టి చూస్తే ఇంకొకటి జారి పడింది. చిక్కటి మోరులా (బ్లాస్టోసిస్ట్‌కు ముందు దశ పిండం), గ్రేడ్ 1, అంటే మేలైనది. జల్లెడ ఆరిపోతే పిండం దానికి అతుక్కుంటుంది. మేం కొమ్ము మార్చే మధ్యలో కప్పులోని ద్రవం పూర్తిగా దిగనిచ్చాం.

తర్వాతి మూడు ఆవులకు కప్పులో ఎప్పుడూ రెండు వేళ్ల ఎత్తు ద్రవం ఉంచాం, చివర్లో జల్లెడను తప్పనిసరిగా తిరగేసి కడిగాం.

ఫ్లషింగ్ 1–4: దొరికినవి 17. వాటిలో మార్పిడికి పనికొచ్చేవి 11, ఫలదీకరణ కానివి 4, చెడినవి 2.

దశ 4: తప్పు పోలిక (మే)

11లోంచి 5, ల్యాబ్ బ్లాస్టోసిస్ట్‌లు 19లోంచి 6 స్టెయిన్ చేసి కణాలు లెక్కపెట్టాం. సగటున ల్యాబ్ పిండంలో 112, ఆవు పిండంలో 91.

ల్యాబ్ పిండమే మెరుగని రెండు రోజులు అనుకున్నాం. ఇంతకుముందు ఎవరి చేతిలోనూ అలా రాలేదు కదా అన్న అనుమానం మాత్రం పోలేదు. మూడో రోజు షెడ్‌కు వెళ్లి ఎద రికార్డు సరిచూస్తుంటే, ఆవుల్ని చూసుకునే పెద్దయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు.

"సారూ, మీరు ముత్యం పొద్దుగాల తొమ్మిదింటికి ఎదకొచ్చిందని రాసుకున్నరు. అది రాత్రి రెండింటికే వచ్చింది. నేను లేచి చూసిన, బంగారి మీదికెక్కితే కదలకుండ నిలబడ్డది."

"మరి అప్పుడే ఫోన్ చేయకపోయినవా పెద్దయ్యా?"

"రాత్రిపూట ఎందుకులే అనుకున్న. అంతగనం పనికొస్తదని నాకేం ఎరుక?"

తప్పు పెద్దయ్యది కాదు, నేను ఒక్కసారి కూడా అడగలేదు. మూపురం జాతుల ఎద తక్కువసేపే ఉంటుంది, రాత్రిపూట వచ్చిపోవడం మామూలే. ఆ ఏడు గంటలను కాగితం మీద సరిచేస్తుంటే అసలు తప్పు కనబడింది.

ల్యాబ్‌లో సున్నా రోజు అంటే అండం, వీర్యకణాలు కలిపిన క్షణం. ఆవులో మేం రాసుకున్న సున్నా రోజు ఎద. కానీ ఎద మొదలయ్యాక అండం విడుదల కావడానికే 24–30 గంటలు పడుతుంది, ఫలదీకరణ ఆ తర్వాతే. ఆవు ఏడో రోజు అంటే ల్యాబ్ ఆరో రోజు. పెద్దయ్య చెప్పిన ఏడు గంటలు కలిపినా ఇంకా చాలా గంటలు చిన్నది. ఆరు రోజుల పిల్లను ఏడు రోజుల పిల్ల పక్కన నిలబెట్టి చిన్నగా ఉందన్నాం. మేం తీసిన 11లో 8 ఇంకా మోరులాలే, ల్యాబ్‌వి అన్నీ బ్లాస్టోసిస్ట్‌లు. కళ్లెదుటే ఉన్నా రోజు అంకె చూసి సరిపెట్టుకున్నాం.

మార్చినవి:

1. ఎద మొదలైన వేళ పెద్దయ్య నోటి మాటగా రాసుకోవడం, రాత్రి ఎప్పుడైనా సరే ఫోన్.
2. ఎద మొదలైన 20 గంటల నుంచి 6 గంటలకోసారి స్కాన్. మొదటి ఫాలికిల్ పగిలినట్టు కనిపించిన వేళే ఆవు సున్నా.
3. ఫ్లషింగ్ ఎదకు ఎనిమిదో రోజు.

ఈ ఒక్క మార్పుకు రెండు నెలలు పట్టింది, ఆవులకు విశ్రాంతి ఇవ్వాలి కదా.

దశ 5: కళ్లకు గంతలు (జూన్)

పిండాల గ్రేడింగ్ అంతర్జాతీయ పిండ మార్పిడి సంస్థ కోడ్ ప్రకారం. దశకు 1 నుంచి 9, నాణ్యతకు 1 నుంచి 4. పిండం పదార్థంలో కనీసం 85 శాతం చెక్కుచెదరకుండా ఉంటే గ్రేడ్ 1, 50 ఉంటే 2, 25 ఉంటే 3. చచ్చినది 4.

ఎక్కడి పిండమో తెలిస్తే చూపు మారుతుంది. అందుకని 30 ఫోటోలకు (ల్యాబ్‌వి 19, ఆవువి 11) వరస లేని అంకెలు పెట్టి ఇద్దరికి ఇచ్చాం. గ్రేడ్‌తో పాటు "ఇది ఎక్కడిది" అని కూడా రాయమన్నాం. ఇద్దరి గ్రేడ్ కలిసినవి 21. మొదటి మనిషి పుట్టిన చోటు సరిగా చెప్పినవి 26.

గంతలు కట్టామనుకున్నాం గానీ అవి కట్టినా కనబడుతోంది. ల్యాబ్ పిండం ముదురు గోధుమ రంగులో ఉంటుంది, లోపల కొవ్వు చుక్కలు ఎక్కువ. ఆవు పిండం లేతగా, పలచటి తేనెలా ఉంటుంది. దశ తేడా కూడా పట్టించి ఉంటుంది.

ఎవరైనా ఈ పని చేస్తే "ఎక్కడిది" అన్న గడి తప్పక పెట్టండి. గంతలు నిజంగా పని చేస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి అంతకంటే చవకైన కొలత లేదు.

దశ 6: సీరం తీసేయడం (జూన్–జులై)

కొవ్వుకు కారణం కల్చర్ మీడియాలో మేం వేస్తున్న 10 శాతం సీరం (రక్తంలోంచి తీసిన తేట ద్రవం). సీరం పిండాన్ని తొందరపెడుతుంది, కొవ్వు పెంచుతుంది, ఫ్రీజింగ్‌లో దెబ్బ తీస్తుంది. బాగా పెద్ద దూడలు పుట్టడానికీ దానికీ సంబంధం ఉందని ఎప్పటినుంచో తెలుసు. తెలిసీ ఎందుకు వాడామంటే ఏడో రోజు పిండాల సంఖ్య బాగా కనిపిస్తుందని. 2002లోనే డబ్లిన్ శాస్త్రవేత్తలు ల్యాబ్ అండాలను, ఆవు అండాలను రెండు చోట్లా పెంచి చూశారు. ఎన్ని పిండాలు వస్తాయన్నది అండం నాణ్యతను బట్టి, వచ్చిన పిండం ఎలా ఉంటుందన్నది కల్చర్‌ను బట్టి ఉంటుందని తేల్చారు. మా దశ 1, దశ 6 కలిపి చదివితే అదే కథ.

సీరం బదులు కొవ్వు ఆమ్లాలు తీసేసిన బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ఒక ప్రోటీన్) పెట్టాం. ఆక్సిజన్ ముందులాగే 5 శాతం.

ఓపీయూ 11–14: అండాలు 78, వాడదగ్గవి 63, చీలినవి 47, బ్లాస్టోసిస్ట్‌లు 17.
ఫ్లషింగ్ 5–8 (ఎనిమిదో రోజు): దొరికినవి 23. పనికొచ్చేవి 16, ఫలదీకరణ కానివి 5, చెడినవి 2.

ఇప్పటిదాకా: ల్యాబ్ బ్లాస్టోసిస్ట్‌లు 45, ఆవు పిండాలు 27.

పిండాల వాటా కాస్త తగ్గింది, 60కి 19 ఉన్నది 63కి 17. కొన్ని ఏడో రోజు సాయంత్రానికి గానీ విచ్చుకోలేదు. రంగు మాత్రం తేటపడింది. ఈసారి 33 ఫోటోల్లో పుట్టిన చోటు సరిగా చెప్పినవి 22, గ్రేడ్ కలిసినవి 26. దశలు కూడా దగ్గరపడ్డాయి కాబట్టి ఈ మార్పంతా సీరం వల్లనే అనలేను.

దశ 7: రంగు వేసి లెక్కపెట్టడం (జులై–ఆగస్టు)

స్టెయినింగ్‌లో పిండం చచ్చిపోతుంది. అందుకే సాధన అంతా పాత పిండాల మీదే.

1. 0.2 శాతం ట్రైటాన్ (కణాలకు చిల్లు పెట్టే సబ్బు లాంటిది), మి.లీ.కు 100 మైక్రోగ్రాముల ప్రొపీడియం అయోడైడ్ (ఎర్ర రంగు) కలిపిన ద్రవంలో 30 సెకన్లు. బయటి పొర కణాలకు మాత్రమే చిల్లు పడి ఎర్రబడాలి.
2. మి.లీ.కు 25 మైక్రోగ్రాముల హోయెక్స్ట్ (నీలం రంగు) ఉన్న ఆల్కహాల్‌లో రాత్రంతా ఫ్రిజ్‌లో.
3. గ్లిసరిన్ చుక్కలో పెట్టి, కవర్ స్లిప్‌తో మెల్లగా అదమడం.

మొదట ఒక నిమిషం ఉంచాం. లోపలి కణాలు కూడా ఎర్రబడి అంతా ఒకే ముద్ద అయింది. 30 సెకన్లకు తగ్గించాక అసలు బొమ్మ వచ్చింది. అతినీలలోహిత వెలుతురు వేయగానే చీకట్లో గులాబీ చుక్కల గోళం, దాని ఒక పక్కన ఒత్తుగా అతుక్కుని నీలం చుక్కల గుత్తి. ఆ నీలం గుత్తే దూడ అయ్యేది. చుట్టూ ఉన్న గులాబీ మాయ అయ్యేది. ఫోకస్ తిప్పుతుంటే ఒక పొర వెనక ఇంకో పొర తేలుతుంది. లెక్క తప్పకుండా ఉండాలని ప్రింటు తీసి, లెక్కపెట్టిన ప్రతి చుక్కనూ పెన్నుతో కొట్టేశాం.

ఒక్కోదాంట్లో 6 పిండాల సగటు:

- ఆవు, ఎనిమిదో రోజు: మొత్తం కణాలు 138, లోపలి గుత్తి 41
- ల్యాబ్, సీరంతో: 112, లోపలి గుత్తి 26
- ల్యాబ్, సీరం లేకుండా: 109, లోపలి గుత్తి 29

కంటితో చూస్తే ఈ 18లో 15 గ్రేడ్ 1. గ్రేడ్ 1 అన్న రెండు పిండాల్లో లోపలి గుత్తి ఒకదాంట్లో 44, ఇంకోదాంట్లో 19. బయటి పొర నిండుగా ఉంటే కన్ను సంతృప్తి పడిపోతుంది.

దశ 8: గడ్డకట్టించి చూడడం

సాధన బ్యాచ్‌లో 5కి 5 చచ్చాయి. మైనస్ 6 డిగ్రీల దగ్గర స్ట్రాను చల్లటి ఫోర్సెప్స్‌తో తాకి మంచు మొదలుపెట్టించాలి. మేం తాకాం గానీ మంచు పట్టిందో లేదో చూడలేదు. ఇప్పుడు తాకిన నిమిషానికి తీసి, తెల్లటి గీత పిండం ఉన్న భాగం వైపు పాకిందో లేదో చూసి గానీ ముందుకు వెళ్లం. ఆ తర్వాత నిమిషానికి అర డిగ్రీ చొప్పున మైనస్ 35 దాకా, అక్కణ్నుంచి ద్రవ నత్రజనిలోకి.

కరిగించాక 48 గంటలకు మళ్లీ విచ్చుకున్నవి, వాటిలో పెంకు పగిలి బయటికొచ్చినవి:

- ఆవు: 6లో 5, బయటికి 4
- ల్యాబ్, సీరంతో: 8లో 2, బయటికి 1
- ల్యాబ్, సీరం లేకుండా: 6లో 4, బయటికి 2

సీరం తీసేస్తే కణాల లెక్కలో మొత్తం ఏమీ పెరగలేదు. కానీ మంచును తట్టుకోవడంలో తేడా కనబడింది. ఒక్క కొలతతో ఆగిపోయి ఉంటే సీరం మార్పు దండగ అనుకునేవాళ్లం.

దశ 9: తల్లుల కడుపులో

తాజా పిండాలే వేశాం, గడ్డకట్టినవి వేయలేదు. గ్రహీతలు సంకరజాతి ఆవులు.

- ఆవు పిండాలు 10 (మొదటి నాలుగు ఫ్లషింగ్‌లలో మిగిలినవి 6, తర్వాతవి 4): 30వ రోజు స్కాన్‌లో చూడి 6, 60వ రోజుకీ 6.
- ల్యాబ్ పిండాలు 10 (సీరంతో 5, లేకుండా 5): 30వ రోజు 5, 60వ రోజుకు 3.

30వ రోజు దగ్గరే ఆగితే 6, 5. ఒక్క పిండం తేడా. ల్యాబ్ పిండాలు ఆ తర్వాత జారిపోవడం ఎక్కువని ఈ రంగంలో అందరూ చెప్పేదే. జారిన రెండూ సీరం పిండాలే. పదేసి పిండాలతో ఇదీ అని తేల్చలేం. అందుకే శాతాలు వేయలేదు, అంకెలే రాశాను.

మొత్తం: ఓపీయూలు 14, అండాలు 251, వాడదగ్గవి 186, ల్యాబ్ బ్లాస్టోసిస్ట్‌లు 45. ఫ్లషింగ్‌లు 8, దొరికినవి 40, పనికొచ్చేవి 27. చూడి ఆవులు 9.

ఈ ఉదయం పెద్దయ్య ఫోన్ చేశాడు. గౌరి తెల్లవారుజామున మూడు గంటల పది నిమిషాలకు ఎదకొచ్చిందట. గోడ గడియారం చూసి చెప్పాడు. తర్వాతి వరస దాంతోనే మొదలు, రాత్రి పదకొండుకు మొదటి స్కాన్.